పానకాలు తలుపు మోసిన కథ

పిల్లలూ, గంధంవారి ఇంటి తలుపు సంగతి మీరెప్పుడూ విని ఉండరు. కూర్చోండి, చెబుతాను.

గంధం పానకాలు, భ్రమరాంబ, వాళ్ళ మూడేళ్ళ పిల్ల హారిణి ఇటలీలో గుట్ట మీదున్న ఓ చిన్న ఊళ్ళో కాపురం పెట్టారు. చెప్పింది చెప్పినట్టు చేసే తెలివి తమకి తప్ప లోకంలో ఇంకెవరికీ లేదని భ్రమరాంబకి గట్టి నమ్మకం.

ఆ దేశంలోనే పెద్ద నగరంలో ఏళ్ళ తరబడి ఉంటున్న ఆమె అన్నయ్య వీర్రాజు ఫోన్ చేశాడు.

"అమ్మాయీ, జాగ్రత్తగా విను. మీరు నిజంగా ఆ ఇంట్లో ఉంటున్నారో లేదో చూడ్డానికి ఊరి పోలీసు వస్తాడు. తలుపు మీద మీ పేరుండాలి. ఆయన వచ్చేసరికి మీరు ఇంట్లో కనపడాలి. లేకపోతే మీరక్కడ లేనట్టే రాసుకుంటాడు. అప్పుడిక ఊరి లెక్కలో మీ పేర్లెక్కవు, హారిణికి సర్కారు పిల్లల డాక్టరు దొరకడు."

పిల్లకి అప్పటికే దగ్గు. భ్రమరాంబ వెంటనే కుంచె పట్టుకుంది. తలుపు మీద ఇంతింత అక్షరాలతో పేరు రాసింది. తర్వాత లోపల నిలబడి చూసుకుంది.

"ఏవండీ, తలుపు అడ్డముంటే మనం ఆయనకెలా కనపడతాం?"

"నిజమేనే. ఈ మాట మీ అన్నయ్యకి కూడా తట్టలేదు చూడు."

అంతే. పానకాలు తలుపు ఊడదీసి వంటింట్లో పెట్టాడు. ముగ్గురూ గుమ్మానికి ఎదురుగా కుర్చీలేసుకుని కూర్చున్నారు.

పోలీసు వచ్చాడు. పేరు చూద్దామంటే తలుపే లేదు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకుని, టోపీ ఎత్తి పలకరించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఎంత మర్యాదస్తుడండీ," అంది భ్రమరాంబ.

ఫోన్లో వీర్రాజు నిట్టూర్చాడు. "పేరు ఆయన కంటపడాలి కదే."

ఇంకేముంది, పానకాలు తలుపు నెత్తికెత్తుకున్నాడు. భ్రమరాంబ పిల్లని చంకనేసుకుంది. పోలీసు ఊరి మధ్య కూడలిలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. పానకాలు తలుపుని ఆయన ముందు నిలబెట్టి, వచ్చినంత ఇటాలియన్‌లో, "ఇదండీ మా పేరు," అన్నాడు.

"మరి మీరుండేదెక్కడ?"

"ఈ తలుపు వెనకాలేనండీ."

పోలీసు మెడ చాచి చూశాడు. నిజమే, తలుపు వెనకాల కుటుంబమంతా ఉంది. పిల్ల దగ్గుతోంది. ఉండే ఊళ్ళో కాకపోతే ఎవరు మాత్రం తలుపు మోస్తారనుకున్నాడో ఏమో, ఉంటున్నారనే రాసుకున్నాడు.

"ఇక బెంగపడకండి. ఇవాళ్టి నుంచి ఈ ఊరంతా మీ ఇల్లే," అన్నాడు.

భ్రమరాంబ ఆ మాట జాగ్రత్తగా మనసులో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే కూడలంతా ఊడ్చింది. టౌన్‌హాల్ ముందు ముగ్గు పెట్టింది. చర్చి మెట్ల మీద వడియాలు ఎండబెట్టింది. మధ్యాహ్నం డాక్టరిచ్చిన మందు తాగి హారిణి కాస్త కళ్ళు మూసింది.

"ఇల్లు బార్లా తెరిచిపెట్టి పిల్లని పడుకోబెడతామా అండీ?"

పానకాలు తిన్నగా ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ ద్వారం దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళోకి రావడానికి ఉన్నదదొక్కటే దారి. తాతల నాటి నుంచీ ఎవరూ మూసి ఎరగరు. దాని తలుపులు బిగించి గడియ పెట్టాడు. భ్రమరాంబ పిల్లని ఒళ్ళో వేసుకుని దాని వెనకాలే కూర్చుంది. బయట బడి బస్సు ఆగింది. రొట్టెల బండి ఆగింది. పక్కూరి నుంచి తిరిగొస్తున్న పోలీసు కారు దిగి తలుపు దబదబా బాదాడు.

లోపల్నించి మెల్లగా భ్రమరాంబ గొంతు వినపడింది.

"ఎవరండీ అది? పిల్ల ఇప్పుడే పడుకుంది. సాయంత్రం రండి."

విన్నారుగా. ఇది మీ దగ్గరే దాచుకోకుండా మీకంటే చిన్నవాళ్ళకి చెప్పండి. కాస్త గొంతు తగ్గించి చెప్పండి, పిల్ల ఇంకా లేవలేదు.