రేవులో పేర్లు పిలిచిన తబితమ్మ

పొద్దు గూకే వేళ. ఏటి మీద మంచు దిగుతోంది. మన ముత్తవ్వలకు ముత్తవ్వ ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా ఇలాంటి పూట ఒకటి వచ్చిందట. నేను విన్నంతే చెబుతాను.

గోదారి సముద్రంలో కలిసే చోట ఒక పేట. పేట చివర ఒక గుడిసె. గుడిసెలో తబితమ్మ. మొగుడు లేడు, బిడ్డల్లేరు, ఒక కాలు కుంటి. తెల్లారితే పేటంతా పడవెక్కి అవతలి లంకలో మిరపకాయలు కోయడానికి పోయేది. తబితమ్మ రేవులో మిగిలేది.

మిగిలి, ప్రార్థన చేసేది. గట్టిగా, ఒక్కొక్కరి పేరూ పలికి.

“ప్రభువా, సమాధానం ఏటి మీద ఉన్నాడు, చూసుకో. ప్రభువా, కరుణమ్మ ఏటి మీద ఉంది, చూసుకో.”

వెళ్లేటప్పుడు అదే మాట. వచ్చేటప్పుడు అదే మాట.

పడవ నడిపే సమాధానం నవ్వేవాడు. “దేవుడికి చెవుడా పిన్నీ? నీ కేకలకి లంకలో కొంగలు లేచిపోతున్నాయి.”

“అందరినీ కాపాడమని ఒక్క ముక్క అనేసి గంజి కాచుకోరాదా అత్తా?” అనేది కరుణమ్మ.

“అలా ఒక్క ముక్కతో సరిపెట్టిన రోజునే మీ మావయ్య రాలేదమ్మా.”

ఆ పూటకి ఎవరూ నవ్వేవారు కాదు. మర్నాడు మళ్లీ నవ్వేవారు.

తబితమ్మ కోసం మాత్రం ఎవరూ ప్రార్థన చేయలేదు. ఏరు దాటని మనిషికి ఏమవుతుందిలే అనుకున్నారు.

ఒక సాయంత్రం పడవ నడి ఏట్లో ఉండగా మంచు కమ్మింది. పట్టుకున్న తెడ్డు కొస కూడా కనబడలేదు. పైగా ఆటు మొదలైంది. నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. ఒడ్డు ఎటో సమాధానానికి తెలియలేదు. నిండు చూలాలు కరుణమ్మ పొట్ట పట్టుకుని కూర్చుంది.

ఆ రోజు తబితమ్మకు జ్వరం. అయినా పాక్కుంటూ రేవుకి వచ్చింది.

మొదటిసారి పేర్లన్నీ పిలిచింది. మంచు మింగేసింది. రెండోసారి పిలిచింది. గొంతు జీరబోయింది. మూడోసారి పిలిచింది.

“ప్రభువా, సమాధానం ఏటి మీద ఉన్నాడు...”

“పిన్ని గొంతు,” అన్నాడు పడవలో సమాధానం. “ఎవరూ మాట్లాడకండి.”

గొంతు వినబడితే తెడ్డు వేశాడు. ఆగిపోతే ఆగాడు. ఒక పేరు, ఒక తెడ్డు. ఒక పేరు, ఒక తెడ్డు. చివరికి పడవ ముక్కు రేవు మట్టిలో దిగింది.

జనం దిగారు. చలి. పిల్లలు ఇళ్లలో ఏడుస్తున్నారు. ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు పరుగెత్తారు.

తెల్లారి పడవ దగ్గరికి వచ్చారు. తబితమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

“నువ్వు ఇంటికి తీసుకెళ్లావనుకున్నాను,” అన్నాడు సమాధానం.

“నువ్వు తీసుకెళ్లావనుకున్నాను,” అంది కరుణమ్మ.

అందరూ అదే మాట అన్నారు. ఆ రోజు పడవ కదల్లేదు.

ఇప్పటికీ ఆ రేవులో పడవ ఆగగానే ఎవరూ ఇంటికి పోరు. ఒక తల్లి ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ పిలుస్తుంది. పిలిచినవాళ్లు పలకాలి.

“సువార్తమ్మ?”

“వచ్చాను.”

“ఏలియా?”

“వచ్చాను.”

అందరూ అయ్యాక ఇంకొక్క పేరు. దానికి మాత్రం అందరూ కలిసి పలుకుతారు.

“తబితమ్మ?”

“ఇల్లు చేరింది.”