చొక్కా మీది ముఖం

ఉత్సుమి గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు, చేతికేదో ఒక పని అప్పజెప్పేవారు. నటన అంటే ఏమిటని అడిగినవాడికి చీపురిచ్చారు. భయం ఎలా పోతుందని అడిగిన అమ్మాయిని పట్టపగలు బజారులో గంటసేపు వెనక్కి నడవమన్నారు. ఆ పైవాడు మనకి జవాబులు పంపే తీరు కూడా ఇంచుమించు ఇదే కదా. మనం అడిగేది ఒకటి, మన చేతిలో పడేది ఇంకొకటి.

జపాను దేశంలో, టోక్యో నగరంలో, ఒక ఇరుకు సందు చివర మూతపడ్డ స్నానశాల ఉండేది. పేటలోని జనమంతా కలిసి స్నానం చేసే పాతకాలపు శాల. గురువుగారు దాన్నే నాటకశాల చేసుకున్నారు. చూడవచ్చినవాళ్ళు నీళ్ళు లేని పెద్ద తొట్లలో కూర్చునేవారు. నాటకానికీ సినిమాకీ మధ్య గోడ ఎందుకని ఆయన పట్టుదల. అందుకని తెర కట్టేవారు కాదు. ఒక మనిషికి గంజిపెట్టిన తెల్లచొక్కా తొడిగి, చీకట్లో నిలబెట్టి, అతని ఛాతీ మీద సినిమా వేసేవారు. ఆ మనిషికి ఒకటే నియమం. ఊపిరి పొట్టతోనే తీయాలి, ఛాతీ కదలకూడదు. తెరకి ప్రాణం ఉందని ఎవరికీ తెలియకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి ఏడాది ఇచ్చే పని అది.

మకితా ఆ పని ఎనిమిదేళ్ళ కిందటే చేసి బయటపడ్డాడు. ఇప్పుడతను ఆ బృందంలో పెద్ద నటుడు. గోడమీది ప్రకటన కాగితంలో అందరికంటే పైన ఉండేది అతని పేరే. పదకొండు నెలల కిందట ఇనుయి వచ్చేదాకా అతనికి నిద్ర బాగానే పట్టేది.

ఇనుయి చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. నిలబడమంటే నిలబడతాడు, కూర్చోమంటే కూర్చుంటాడు, అంతకుమించి అతను చేసేదేమీ మకితాకి కనబడలేదు. గురువుగారు మాత్రం అతన్ని చూసి మురిసిపోయేవారు. ఇక చూడండి మకితా అవస్థ. గురువుగారి చూపు ఇనుయి మీద ఎంతసేపు నిలిచింది, తన మీద ఎంతసేపు నిలిచింది అని కొలుచుకుంటూ కూర్చునేవాడు. ఇనుయి టీ గిన్నె ఏ చేత్తో పట్టుకుంటాడో, మాట మధ్యలో ఎక్కడ ఆగుతాడో, నవ్వేముందు ఏ కన్ను చిన్నదవుతుందో అతనికి కంఠతా వచ్చేసింది. అద్దం ముందు కూర్చుని తన ముఖానికి రంగు వేసుకుంటూ కూడా ఆ ముఖాన్నే తలుచుకునేవాడు. భక్తుడు స్వామిని తలుచుకున్నా అంత విడవకుండా తలుచుకోడేమో.

ఆ వసంతంలో గురువుగారు పెద్ద సినిమా తలపెట్టారు. అందులో ముఖ్యపాత్ర ఇనుయిది అన్నారు. మకితా పెట్టె సర్దేశాడు. వెళ్ళేముందు ఒక్క మాట తేల్చుకుందామని గురువుగారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"గురువుగారూ, అతని దగ్గర ఏముంది? తొమ్మిదేళ్ళుగా మీ దగ్గరే పడివున్నాను. నా దగ్గర లేనిది అతని దగ్గర ఏముంది?"

గురువుగారు తెల్లచొక్కా తెప్పించారు. మర్నాడు సాయంత్రం ఆటకి అది తొడుక్కోమన్నారు. వేయబోయే సినిమా ఏమిటంటే, ఇనుయి ముఖం. ఏడు నిమిషాల పాటు ఒక్కటే ముఖం, మాటా లేదు, పాటా లేదు.

మకితా వంగి నమస్కారం చేసి లేచాడు. చెంపదెబ్బ కొట్టినా అంత బాధపడేవాడు కాదు.

మర్నాడు బట్టలు చూసే ఒరియె అనే ముసలావిడ చొక్కా గుండీలు పెడుతూ అతని వాలకం గమనించింది. "చొక్కాకి గంజి పెట్టింది నేనే నాయనా. నీ ముఖానికి ఎవరు పెట్టారు?" అంది. మకితా నవ్వలేదు. అప్పటికే అతను ఒక నిశ్చయానికి వచ్చేశాడు. ఛాతీ కదిపితే ముఖం చెదురుతుంది. ముక్కు ఒకవైపు, మూతి ఒకవైపు పోతాయి. జనం నవ్వుతారు. నవ్వులపాలైన ముఖాన్ని ఏ సినిమాలో పెట్టుకుంటారో చూద్దాం, అనుకున్నాడు.

దీపాలు ఆరాయి. వెలుగు వచ్చి ఛాతీ మీద పడింది. తన మీద పడ్డ ముఖం తనకి కనబడదు కదా, ఎదురుగా తొట్లలో ఉన్న జనం ముఖాలే కనబడుతున్నాయి. మకితా నియమం తప్పి గుండెల నిండా ఊపిరి తీశాడు. ఆ టీ గిన్నెని తలుచుకున్నాడు, ఛాతీ పొంగింది. గురువుగారి మురిపెం తలుచుకున్నాడు, ఛాతీ వణికింది. పదకొండు నెలలు మింగినదంతా ఒక్కొక్కటే పైకి వచ్చింది. చెమట పట్టి గంజి కరిగి, చొక్కా మీద తడి చారలు దిగాయి. నవ్వు కోసం ఎదురుచూశాడు.

ఎవరూ నవ్వలేదు. గర్భగుడి ముందు తెర తొలగించే క్షణాన మనవాళ్ళు ఎలా నిలబడిపోతారో తలుచుకోండి, ఆ తొట్లలో జనం అలా ఉండిపోయారు. ముందు వరుసలో ఒక పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకామె పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుంది. మకితా పంతం పట్టి ఇంకా గట్టిగా ఊపిరి ఎగపోశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఆట అయిపోయింది. జనం లేచి ఇనుయి పేరు పిలిచారు, మళ్ళీ మళ్ళీ పిలిచారు. వెనక గోడ దగ్గర నిలబడ్డ ఇనుయి ఏం చేయాలో తెలియక తల దించుకున్నాడు. చొక్కా మనిషిని ఎవరూ చూడలేదు. తెరని ఎవరు చూస్తారు?

అందరూ వెళ్ళాక ఇనుయి వచ్చి మకితా ముందు నేలకి తల ఆనించాడు.

"అన్నగారూ, ఆ రోజు నా ముఖం తీస్తున్నప్పుడు నాకు ఆకలేస్తోంది, అంతే. ఇంకేమీ లేదు. ఇవాళ ఆ ముఖం ఏడ్చింది. పెదవులు ఏదో చెప్పబోయి ఆగిపోయాయి. అది నేను కాదు."

ఇనుయి లేచి వెళ్ళిపోయాక కూడా మకితా తడిచొక్కాతో అక్కడే నిలబడ్డాడు. చెడగొట్టాలని పోసిన ఊపిరి ఎక్కడికి పోయి చేరిందో ఇప్పుడిప్పుడే అతనికి తెలిసివస్తోంది. ఈ ఒక్క సాయంత్రంలో పోసిందే కాదు, పదకొండు నెలలుగా పోసినదంతా.

గురువుగారు వచ్చి తన చేతులతోనే గుండీలు విప్పి, చొక్కా మడత పెట్టసాగారు.

"అతని దగ్గర ఏముందని అడిగావు కదా నాయనా," అన్నారు. "నువ్వున్నావు."

చొక్కా చంకన పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగారు.

"మరి నీ దగ్గర?"