గంతలు కట్టాల్సిన కళ్లు

రాజుగారి వేటకుక్క మెరుపు మరో కుక్క కనిపిస్తే చాలు, మొరుగుతూ మీదికి దూకేది. దాన్ని రోజూ తిప్పే దళవాయి తిమ్మప్ప, "ఊరకుక్కలే దీన్ని రెచ్చగొడుతున్నాయి ప్రభూ, అన్నిటినీ చంపించండి" అన్నాడు. రాజు సరేనన్నాడు.

ఊరు నిర్ఘాంతపోయింది. గొర్రెలు కాసే కాటమ్మ కోటకు పరుగెత్తింది.

"దొరా, నా కుక్క పోతే మంద తోడేళ్ల పాలే. మెరుపును కుక్కల మధ్య నెమ్మదిగా నడిపిస్తాను. గానుగెద్దుకు కట్టే గంతలు కట్టనిస్తే చాలు."

"కట్టు" అన్నాడు రాజు.

కాటమ్మ గంతలు తీసుకెళ్లి దళవాయి కళ్లకు కట్టింది. సభంతా నోరెళ్లబెట్టింది.

"ఏమే, ఎంత పొగరు!" అన్నాడు తిమ్మప్ప.

"కానివ్వండి" అన్నాడు రాజు, నవ్వాపుకుంటూ.

మెరుపు గొలుసు అతని చేతికిచ్చి, అందరూ వెంట రాగా వీధిలోకి తీసుకెళ్లి, "వీధిలో కుక్కల్లేవు, హాయిగా నడవండయ్యా" అంది కాటమ్మ.

తిమ్మప్ప గొలుసు వదులుగా పట్టుకుని నడిచాడు. దారికి రెండువైపులా పది కుక్కలున్నాయి. మెరుపు ఒకదాన్ని వాసన చూసి, తోకాడించి, ముందుకు సాగింది. రాజు తన కళ్లను తానే నమ్మలేకపోయాడు.

అప్పుడు కాటమ్మ గంతలు లాగేసింది. చుట్టూ కుక్కల్ని చూసి తిమ్మప్ప "అమ్మో!" అంటూ గొలుసు బిగించాడు. మరుక్షణం మెరుపు మొరుగుతూ ఎగిరి దూకింది.



"ఊరకుక్కల్ని చంపొద్దు" అన్నాడు రాజు. "మెరుపును నెల రోజులు నువ్వే ఉంచుకుని నేర్పించు."

"దానికెందుకు దొరా? దళవాయిగారిని పంపండి."