వాటంతటవే వెళ్ళిన ఆశీస్సులు

గౌరీపతికి చెల్లెలి మీద బెంగ పట్టుకుంది. అన్నం సయించడం లేదు. మఠంలో చేరిన కొత్తలో కూడా ఇంత దిగులు పడలేదు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ మఠానికి బోధయ్య స్వామి పెద్ద. ఆయన వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే గౌరీపతి వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"స్వామీ, అన్నీ వదిలేశాననుకున్నాను. తాడిపత్రిలో ఉన్న చెల్లెలు సువర్చలని వదల్లేకపోతున్నాను. నేను వచ్చేటప్పటికి నిండు నెలలు దానికి. కాన్పు ఎలా అయిందో ఏమో! ఒక్క కబురూ పెట్టలేదు. నన్ను మరిచేపోయింది."

కొత్తగా చేరినవాళ్ళు ఏడాదిపాటు తామై ఇంటికి ఫోన్ చేయకూడదని అక్కడి నియమం. ఇంటినుంచి కబురొస్తే బదులివ్వొచ్చు. ఆ కబురు కోసమే పాపం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు.

స్వామి ఇంకో చిక్కుడుకాయ ఈనె తీశాడు.

"నాకూ బెంగగానే ఉంది నాయనా. జనం గొంతులు విని ఎన్నాళ్ళయిందో."

గౌరీపతి తల దించుకున్నాడు. ఆ గొంతులు ఆగిపోయింది అతని చలవ వల్లే మరి!

భక్తులు తమ కష్టసుఖాలు మఠం ఫోనుకి వాయిస్ మెసేజ్‌లు పంపేవాళ్ళు. సాయంత్రం స్వామి ఫోను చెవికి ఆనించుకుని ఒక్కొక్కటే వినేవాడు. మధ్యలో "అయ్యో", "ఔనా తల్లీ" అంటూ ఉండేవాడు. వినేలోపే ఫోను నిండిపోయేది. చూస్తూ ఊరుకుంటాడా మనవాడు! కంప్యూటర్ ఉద్యోగం చేసి వచ్చినవాడాయె. ఒక్క ముక్క కోడ్ రాయలేదు. తెర మీదే ఈ యాప్‌నీ ఆ యాప్‌నీ ఏపీఐ అనే లంకెతో జోడించి పెట్టాడు. మెసేజ్ రాగానే ఫోనులో మిగలకుండా క్లౌడ్‌లోకి వెళ్ళిపోతుంది. పంపినవాళ్ళ పేరుతో ఫోల్డరు తయారవుతుంది. "అందింది. స్వామివారి ఆశీస్సులు" అని జవాబు కూడా దానంతటదే వెళ్ళిపోతుంది.

"నీ ఇష్టం నాయనా" అన్నాడు స్వామి అప్పట్లో. గౌరీపతి రోజూ ఆకుపచ్చ టిక్కులు చూసుకుని మురిసిపోయేవాడు. లోపల ఏముందో తెరిచి చూసిన పాపాన పోలేదు.

"ఎవరివైనా వినిపించమంటారా స్వామీ?"

"మీ చెల్లెలికి ఏ నంబరిచ్చావు?"

"మఠం నంబరే. నా ఫోను వదిలేశాను కదా..."

స్వామి చేట పక్కకి జరిపి లేచాడు. లోపలికి వెళ్ళి మఠం ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టి, మళ్ళీ పక్కనే కూర్చున్నాడు.

వెతికితే ఫోల్డరు దొరికింది. సువర్చల. తేదీలవారీగా, ఎంతో పొందిగ్గా.

"అన్నా, ఆడపిల్ల! అచ్చం నీ ముక్కే. మా అత్తగారికి నచ్చలేదులే!"

తర్వాతిది. "ఆశీస్సులు అందాయన్నా. నువ్వెట్లున్నావు? వేళకి తింటున్నావా?"

ఆ తర్వాతిది. "పాపకి చెవులు కుట్టించాలన్నా. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కదా. మీ స్వామిని అడిగి రారాదూ? నువ్వొస్తానంటేనే రోజు పెట్టుకుంటాం."

అతని కోసం ఒకటి రెండు సార్లు రోజు మార్చారట. ప్రతిసారీ ఆశీస్సులే వెళ్ళాయి.

చివరిది ఆ పొద్దున్నే వచ్చింది. వెనక పాప కేరింతలు వినబడుతున్నాయి.

"రేపు పొద్దున ఆచారి వస్తాడు చెవులు కుట్టడానికి. వాళ్ళ పెదనాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడంట. పోనీలే అన్నా, నీకెక్కడ తీరిక! ఇంక విసిగించను."

దాని కిందా ఉంది: అందింది. స్వామివారి ఆశీస్సులు.

గౌరీపతి చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు. ఎంత సేపు ఏడ్చాడో! స్వామి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు తప్ప ఊరుకోమనలేదు.

చివరికి గౌరీపతే కళ్ళు తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"జవాబు ఏమని పంపను స్వామీ?"

స్వామి ఫోను మెల్లగా లాగేసుకున్నాడు.

"మధ్యాహ్నం తాడిపత్రి బస్సుంది, పో. సూది గుచ్చగానే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. గట్టిగా పట్టుకోడానికి మనిషి కావాలి."