సాగర లీగ్‌లో సీటు

"కాలేజీని చూసి చేరాలా మాస్టారూ, లీగ్‌ని చూసి చేరాలా?" అని మజ్జి హైమావతి అడిగింది. మిషన్ స్కూలు కోర్టులో శనివారం సాయంత్రం ఆట ముగిసింది. తక్కిన పిల్లలు బంతులు ఏరి సంచిలో వేస్తున్నారు. ఆమె చేతిలో రెండు కాగితాలున్నాయి. సోమవారం లోపల ఏదో ఒకదాని మీద సంతకం పెట్టాలి.

కడుపు నిండినవాళ్లకి ఇది చిన్న ప్రశ్న. హైమావతికి కాదు. ఆమె తండ్రి బొబ్బిలి గూడ్సు షెడ్డులో ఇరవై ఏళ్లు బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్నాడు. తల్లి జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి పోతుంది. ఆ జీడి రసం తినేసిన వేళ్లతోనే కూతురికి అన్నం కలిపి పెడుతుంది. ఆ ఇంట్లో ఆడపిల్ల చదువు ఇంటరు దాకా వచ్చిందంటే అది బాస్కెట్‌బాల్ చలవే. చిన్నప్పుడు ఆ పిల్ల పొడుగు చూసి నిచ్చెన అని ఏడిపించారు. ఇప్పుడు ఆ పొడుగే ఆ ఇంటికున్న ఆస్తి. ఆట పట్టుకుని రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం తెచ్చుకుంటే ఇల్లు నిలబడుతుంది. లేకపోతే తల్లి పక్కన ఇంకో పీట వేస్తారు. మూడో దారి లేదు.

రెండు కాగితాల్లో ఒకటి శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీది. అక్కడ చేరితే మొదటి రోజు నుంచే ఆడిస్తారు. కాని కోర్టు మీద కప్పు లేదు, చూసేవాళ్లు లేరు, ఏడాదికొకసారి యూనివర్సిటీ పోటీలు తప్ప వేరే ఆట లేదు. రెండోది విశాఖపట్నంలో ప్రణవి కాలేజీది. ఆ కాలేజీ ఈ ఏడే సాగర లీగ్‌లోకి వచ్చింది. ఎనిమిది కాలేజీలు కలిసి పెట్టుకున్న పోటీ అది. నాలుగు నెలలు ఆడతారు. ప్రతి ఆటా ఫోన్లలో వస్తుంది. ఉద్యోగాలిచ్చే వాళ్లు గ్యాలరీలో కూర్చుని పేర్లు రాసుకుంటారు. ప్రణవి తరఫున దివాకరం అనే ఆయన ఇంటికే వచ్చి, హైమావతిని బంగారుతల్లీ అని పిలిచి, తల్లి ఇచ్చిన టీ తాగి, కాగితం పెట్టి వెళ్లాడు. కాలేజీలో ఏ చదువుంది, కోచ్ ఎవరు అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. లీగ్ అన్నాడు, చాలింది.

ఇమ్మానుయేలు మాస్టారు మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవారు. ఆ కోర్టులోంచి వెళ్లిన పిల్లలు పదకొండు మంది ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయన ప్రశ్న విన్నారు. కాగితాలు చూడలేదు. మర్నాడు పొద్దున్న పాసింజరుకి స్టేషనుకి రమ్మన్నారు. ఆ కోర్టులో స్కోరు రాసేది నేనే కాబట్టి నన్నూ రమ్మన్నారు.

రైల్లో హైమావతి తన వాదమంతా చెప్పింది. అందరూ లీగ్‌నే చూస్తున్నారంది. చిన్న కాలేజీలో ముప్ఫై పాయింట్లు వేసినా అడిగే నాథుడు లేడనీ, లీగ్‌లో పది వేసినా పేరు పేపర్లో వస్తుందనీ అంది. మంచి జట్లతో ఆడితేనే ఆట పెరుగుతుందని మీరే చెప్పేవారు కదా అంది. అబద్ధం ఒక్కటీ లేదు. మాస్టారు వింటూ వేరుశనక్కాయలు ఒలిచి ఆ పిల్ల చేతిలో పోశారు.

విశాఖలో దిగి, ప్రణవి కాలేజీకి తీసుకెళ్తారేమో అనుకున్నాం. ఆటో వసుంధర కాలేజీ ముందు ఆగింది. మాస్టారి శిష్యురాలు గండ్రెడ్డి వనజాక్షి రెండేళ్ల కిందట అక్కడ చేరిందని హైమావతికి తెలుసు. ఆ రోజుల్లో వనజ ఎడమ చేత్తో బంతి వేస్తుంటే చూడ్డానికి హైమావతి పదిహేనేళ్ల పిల్లగా గోడెక్కి కూర్చునేది.

వసుంధర కోర్టు లోపలిది. పైన కప్పు, నున్నటి చెక్కనేల, రెండు పక్కలా గ్యాలరీ. సగం కోర్టులో పరీక్షల బల్లలు కప్పు దాకా పేర్చారు. నడిమి వలయంలో సాగర లీగ్ గుర్తు ఉంది, నీలం రంగు అల, పసుపు బంతి. ఒక కూలీ గొంతుక్కూర్చుని దాన్ని ఇనపరేకుతో గీకుతున్నాడు. బంతి పోయింది. అల సగం మిగిలింది. మమ్మల్ని చూసి, రంగు మంచిదండీ, మనుషులకంటే గట్టిగా పట్టుకుంది, అని నవ్వాడు.

వనజ వచ్చింది. ఒళ్లు చేసింది. మాస్టారి కాళ్లకు దండం పెట్టి, హైమావతిని కింది నుంచి పై దాకా చూసి, "ఏటే నిచ్చెనా, ఇంకా పెరుగుతునే ఉన్నావా? మీ అమ్మ నెత్తి మీద బండ పెట్టలేదేటి?" అంది. హైమావతి నవ్వేసింది. తరవాత సంగతంతా వనజే చెప్పింది, పక్కింటి కబురు చెప్పినట్టు. మొదటి ఏడు బెంచీ మీద కూర్చుంది. పెద్ద లీగ్ కదా, తప్పదు. రెండో ఏడు ఆరు ఆటలు ఆడింది. మూడో ఏడు జట్టు నీదే అన్నాడు కోచ్. వేసవి సెలవుల్లో లీగ్ నుంచి వసుంధరని తీసేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఏ కాలేజీ ఏ లీగ్‌లో ఉండాలో తేల్చేది ఆడేవాళ్లు కాదు, ఆడించేవాళ్లు కూడా కాదు. లీగ్‌కి ఖర్చు పెట్టే కంపెనీ వాళ్లు వసుంధర గ్యాలరీ చిన్నదన్నారు. పెద్ద గ్యాలరీ ఉన్న ప్రణవి కావాలన్నారు. ఒక హోటల్లో పెద్దమనుషులు భోజనానికి కూర్చున్నారు, లేచేసరికి కాలేజీ మారిపోయింది. ఆ బల్ల దగ్గర వనజాక్షి పేరు ఎవరి నోటా వచ్చి ఉండదు. ఆమె ఎవరో తెలిస్తే గదా. చెమట ఒకరిది, కుర్చీలు ఒకరివి. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇదే చూస్తున్నాను. ఆటలోనైనా వేరుగా ఉంటుందని ఎందుకనుకున్నామో తెలీదు.

లీగ్ పోయిన వారానికే కోచ్ ప్రణవికి వెళ్లిపోయాడు. ఆటగాళ్లకిచ్చే పాలూ గుడ్లూ ఆగిపోయాయి. పన్నెండు మందిలో ఏడుగురు మానేశారు. వేరే కాలేజీకి పోదామంటే, కాలేజీ మారినవాళ్లు ఒక ఏడాది ఏ పోటీలోనూ ఆడకూడదని చేరిన రోజు రాసిచ్చిన కాగితంలోనే ఉంది. వనజకి మిగిలింది ఆ ఒక్క ఏడాదే. ప్రణవికి వెళ్లిన కోచ్‌ని కూడా అడిగింది. కొత్తపిల్లల్ని తీసుకుంటున్నాం తల్లీ అన్నాడట.

హైమావతి ముఖం మాడింది. ఆ కొత్తపిల్ల ఎవరో వనజకి తెలియదు. చెప్పే ధైర్యం హైమావతికి లేదు.

మాస్టారు సంచిలోంచి బంతి తీసి ఇద్దరి మధ్య నేల మీద వేశారు. పదకొండు పాయింట్లకి ఒక ఆట అన్నారు. బల్లలు లేని సగంలో ఆడారు. నేను అలవాటు కొద్దీ వేళ్ల మీద లెక్కపెట్టాను. వనజకి నాలుగు నిమిషాలకే ఊపిరి అందలేదు. అయినా చెయ్యి మరచిపోలేదు. ఒకసారి హైమావతిని కుడికి తిప్పి ఎడమ చేత్తో వేసిన బంతి వలలో చప్పుడు లేకుండా పడింది. హైమావతి ఆరుకి వనజ రెండు, తరవాత ఏడుకి మూడు. అప్పుడు వనజ మధ్యలోకి దూసుకొచ్చింది. హైమావతి అడ్డంగా ఎగిరింది. వనజ తల తిప్పకుండానే బంతిని మూలకి విసిరింది.

మూలలో ఎవరూ లేరు. ఉన్నదే ఇద్దరు. జట్టులో ఆడినన్నాళ్లూ ఆ మూలలో ఒక పిల్ల నిలబడి ఉండేది. చేతులు అటే పోయాయి. బంతి దొర్లుకుంటూ వెళ్లి బల్లల కిందికి పోయింది. కూలీ గీకడం ఆపి చూశాడు.

వనజ నవ్వబోయింది. నవ్వు రాలేదు. బల్లల కింద వంగి బంతి వెతుకుతూ చాలాసేపు లేవలేదు. హైమావతి అక్కా అని దగ్గరికి పోయింది. ఆట అక్కడ ఆగిపోయింది.

గేటు దాకా సాగనంపుతూ వనజ మాస్టారితో అంది: "పెద్ద నీళ్లలో ఈదితేనే ఈత అని పంపారు గదా మాస్టారూ. ఈదేదాన్నే. నీళ్లు తోడేస్తారని మీకు మాత్రం ఏం తెలుసు?" ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. మాస్టారు ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

హైమావతి ఆటోలో మాస్టారి వంక చూసి చూపు తిప్పేసుకుంది. వనజని లీగ్‌కి పంపింది ఆయనేనని ఆ పిల్లకి అప్పటిదాకా తెలియదు.

తిరుగు రైలెక్కాం. కొత్తవలస దాటాక హైమావతి ఫోన్ తీసింది. దివాకరానికి చేసింది. కిటికీ ఊచ ఒకటి గట్టిగా పట్టుకుంది. అవతలి మాటలు మాకూ వినిపించాయి. బంగారుతల్లీ అన్నాడు, సంతకం అయిందా అన్నాడు.

"ఒక్కటి అడగాలండీ" అంది హైమావతి. "మీ కాలేజీని లీగ్‌లోంచి తీసేస్తే నా హాస్టలూ, నా భోజనం, నా సీటూ ఉంటాయా? మూడేళ్లూ ఉంటాయని రాసిస్తారా?"

ఆయన నవ్వాడు. శుభమా అని చేరబోతూ ఆ పాడుమాటలేమిటమ్మా అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది, అదే మాట, అదే గొంతుతో. ఈసారి ఆయన నవ్వలేదు. అలా ఎవరికీ రాసివ్వరన్నాడు. ఇంతవరకు ఏ పిల్లా అడగలేదన్నాడు. ఎవరు నేర్పి పంపారన్నాడు. ఈ సీటు కోసం ఇంకా నలుగురున్నారనీ, వాళ్లకి ఇలాంటి అనుమానాలు లేవనీ, ప్రభుత్వ కాలేజీలో ఎండలో ఆడుకోమనీ అన్నాడు. బంగారుతల్లి అనలేదు. ఫోన్ పెట్టేశాడు.

హైమావతి ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అలమండలో రైలు ఆగింది, జామకాయలమ్మే ఆవిడ ఎక్కి దిగిపోయింది, మళ్లీ కదిలింది. రైల్వే వాళ్లు శ్రీకాకుళం వచ్చి ఆట చూడరు. అది మా ముగ్గురికీ తెలుసు. ఆ ఇంట్లో తల్లికి ఈ సాయంత్రం ఏం చెప్పాలో మాత్రం ఎవరికీ తెలియదు.

"సీటు పోయినట్టేనా మాస్టారూ?" అని అడిగింది చివరికి.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

"ఈ మాట అడగమని వనజకి నేను చెప్పలేదమ్మా" అన్నారు.