నాలుక కింద మాత్ర

అయ్యప్ప మాలలో ఉండి షుగరు మాత్ర వేసుకునే స్వామిని పీఠం ముందునుంచి లేచిపొమ్మన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? బీపీ మాత్ర వేసుకునే స్వామిని? ఉంటే చెయ్యెత్తండి, చూస్తాను. ఎవరూ ఎత్తరని నాకు తెలుసు. మరి ఎల్లాజీ వేసుకున్న మాత్ర దగ్గరికి వచ్చేసరికి పీఠంలో అన్ని చేతులు ఎందుకు లేచాయి? దానికి జవాబు నేను చెప్పను. దాలినాయుడు గురుస్వామి కూడా చెప్పలేదు. ఆయన చేసిందేమిటో చెబుతాను, వినండి.

దాలినాయుడు విశాఖ హార్బరు వెనక పేటలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఏటా కార్తీకం రాగానే పేటలో వాళ్ళకు అయ్యప్ప మాల వేసి, మండలదీక్ష నడిపించి, శబరిమలకు తీసుకెళ్ళే గురుస్వామి ఆయనే. ఆయనకో అలవాటుంది. సందేహం అడిగితే జవాబు చెప్పరు, అడిగినవాడికి ఏదో ఒక పని చెబుతారు. కొబ్బరికాయలు పీచు తియ్యమంటారు, లేదంటే చాపలు దులపమంటారు. పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, చాలామందికి నడుంనొప్పి దొరికేది. "గురుస్వామిని సందేహం అడగడమంటే చాకిరీకి సంతకం పెట్టడమే" అని స్వాములు నవ్వుకునేవారు. అయినా అడగడం మాననివాడు ఒక్కడే, శేషగిరి. వృత్తి వకీలు. గురుస్వామి ఊళ్ళో లేనప్పుడు పీఠం నడిపేది అతనే. దీక్ష నియమాలన్నీ అతనికి కంఠతా వచ్చు. ఎవరు చన్నీళ్ళ స్నానం చేశారో, ఎవరు వేడినీళ్ళు కలుపుకున్నారో ముఖం చూసి చెప్పేస్తాడు.

ఆ ఏడు మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వాముల్లో ఎల్లాజీ ఒకడు. మరబోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. కొన్నేళ్ళపాటు హెరాయిన్ అతన్ని ఏలింది. పేటలో దాని పేరు 'పొడి'. మొదట రేకు మీద వేడిచేసి పొగ పీల్చాడు. పొగ చాలక సూదికి దిగాడు. మోచేతి దగ్గర నరాలు తాళ్ళలా గట్టిపడ్డాయి, ఒకచోట చీముపట్టి కోయించుకోవాల్సి వచ్చింది. ఒకరి సూది ఒకరు పొడుచుకోవడంతో కాలేయానికి జబ్బు అంటుకుంది. సుఖం కోసం మొదలెట్టాడు కాని, ఆ సుఖం ఎప్పుడో పోయింది. పొడి లేకపోతే వచ్చే నరకం రాకుండా చూసుకోవడమే తెల్లారి లేస్తే అతని ఉద్యోగం. తల్లి దేవుడమ్మ అతన్ని గదిలో పెట్టి తాళం వేసింది. అరిచాడు, వాంతులు చేసుకున్నాడు, చివరికి తేరుకున్నాడు. కొడుకు మారాడని సంతోషపడి తలుపు తీసింది. అతను తిన్నగా ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర పొడి అమ్మే పాత జాగాకి వెళ్ళి, పాత మోతాదే ఎక్కించుకున్నాడు. మానిన ఒంటికి అది విషమని అతనికి తెలియదు, ఆమెకూ తెలియదు. పెదాలు నీలంగా మారి ఊపిరి ఆగిపోతుంటే, ఆస్పత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి వెనక్కి లాక్కొచ్చారు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే డీఅడిక్షన్ కేంద్రంలో మాత్ర. నర్సు ఎదుటే నాలుక కింద పెట్టుకోవాలి. కరిగేదాకా మింగకూడదు, మాట్లాడకూడదు. మాత్ర మొదలయ్యాక ఒంట్లో గోల అణిగింది. తిన్నది ఒంటబట్టింది. బోటు ఓనర్లు మళ్ళీ పిలిచి పని ఇచ్చారు. ఆ ధైర్యంతోనే మాల వేసుకున్నాడు.

ఒకరోజు పొద్దున్న శేషగిరి కోర్టుకి పోతూ కేంద్రం వరండాలో నల్లబట్టలు చూసి ఆగాడు. బల్ల మీద ఎల్లాజీ. "స్వామి శరణం!" అన్నాడు శేషగిరి. ఎల్లాజీ చేతులు జోడించి తల ఊపాడు. శేషగిరి ఇంకొంచెం గట్టిగా అన్నాడు. ఎల్లాజీ మళ్ళీ తల ఊపి, నోటివైపు వేలు చూపించాడు. శరణానికి బదులు శరణం చెప్పని స్వామిని శేషగిరి తన జన్మలో చూడలేదు. ఆ మంటతోనే కోర్టులో రోజంతా వాదించాడు, సాయంత్రం పీఠం దగ్గర అందరిముందూ పట్టుకున్నాడు.

"ఏం స్వామీ, ఒక్క శరణం పలకలేనంత బరువైపోయిందా నోరు?"

"నాలుక కింద మందుంది స్వామీ. కరిగేదాకా నోరు తెరవొద్దన్నారు."

"ఏం మందు?"

దాచడం ఎల్లాజీకి చేతనయ్యేదే, ఒకప్పుడు అదే అతని విద్య. కాని మెడలో మాల ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అంటే, సారా మాని బ్రాందీ పట్టుకున్నారన్నమాట."

"ఇది మత్తెక్కించదు స్వామీ. ఇది వేసుకునే ఇంజన్ విప్పి బిగిస్తన్నాను. చెయ్యి వణకదు, కన్ను మూతపడదు."

"అది కాదు నేనడిగింది. ఆ మందు పొడి జాతిదా, కాదా? అవునో కాదో, ఒక్క మాట."

"జాతి అదేనన్నారు డాక్టరమ్మ. కాకపోతే..."

"చాలు. సాక్షి ఒప్పుకున్నాడు." కొందరు నవ్వారు. "మత్తు జాతి మందు దీక్షలో పనికిరాదనే స్వాములు చెయ్యెత్తండి."

లేచాయి. పక్కవాడిది లేచిందని ఇంకొకడిది లేచింది. గురుస్వామి ఊళ్ళో లేరు, రాజాం దగ్గర ఇంకో పీఠంలో వారం రోజుల పూజకి వెళ్ళారు. మాలో, మాత్రో తేల్చుకొమ్మన్నారు. ఎల్లాజీ రెండు చేతులతో మాల పట్టుకున్నాడు.

"మాల తియ్యకండి స్వామీ. ఇది వేసుకున్నాకే పేటలో నన్ను స్వామీ అంటన్నారు. అంతకుముందు పొడిగాడే నా పేరు. మాత్రే మానేస్తాను."

పీఠం దద్దరిల్లేలా శరణఘోష చెప్పారు. ఒక మనిషిని చావువైపు నెట్టి, అంత భక్తిగా అరిచారు.

తర్వాత ఏమైందో చెబుతాను. ఎల్లాజీకి ఆవులింతలు మొదలయ్యాయి, పూజ మధ్యలో కూడా ఆగలేదు. "కలలో కొండెక్కి దిగొచ్చినట్టున్నాడు, బడలిక" అని ఒక స్వామి చమత్కరించాడు. ముక్కు కారింది, కళ్ళు కారాయి. అది భక్తి అనుకున్నారు. చన్నీళ్ళ స్నానం అయిపోయిన చాలాసేపటిదాకా ఒళ్ళంతా గగుర్పొడిచి ఉండేది. అదీ భక్తే అనుకున్నారు. కడుపు కదిలింది, కాళ్ళు పీక్కుపోయాయి, రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. "స్వామి పరీక్ష పెడుతున్నాడు, తట్టుకోవాలి" అన్నాడు శేషగిరి. ఎల్లాజీ తట్టుకున్నాడు. కాని తట్టుకునేవాడి కాళ్ళు ఎటు నడుస్తాయో శేషగిరికి తెలియదు. అవి ఐసు ఫ్యాక్టరీ గోడవైపు నడిచాయి.

గురుస్వామి తిరిగొచ్చిన పొద్దున్నే దేవుడమ్మ చేపలగంప ఇంట్లో వదిలేసి, కొడుకు చెయ్యి పట్టుకుని పీఠానికి లాక్కొచ్చింది.

"గురుసామీ, నిన్న పొద్దుగూకే ఏళకి ఈడు గోడకాడ నిలబడ్డాడు. పొడమ్మేది ఆ జాగాలోనే. ఎనకాల్నించి సూసి లాక్కొచ్చీసినాను. రేపు నేను సూడకపోతే ఏటి గతి? పోయినేడు నీలమైపోయిన మొకం ఒకపాలి సూసినాను బాబూ, ఇంకోపాలి సూడలేను."

"మాతా, ఇది స్వామి పెట్టే పరీక్ష" అన్నాడు శేషగిరి.

"పరీచ్చ నా కొడుక్కేనేటి? తమకి సుగరు కదా సామీ, ఆ బిళ్ళ మానీసి తమరూ ఒకపాలి రాయండి."

వెనకెవరో కిసుక్కుమన్నారు. శేషగిరి మొహం ఎర్రబడింది. "షుగరు మందు మత్తు జాతి కాదు మాతా" అని, గురుస్వామివైపు తిరిగాడు. "మీరే చెప్పండి స్వామీ. మత్తు మానడానికి మత్తు జాతి మందే రోజూ వేసుకునేవాడు దీక్షలో ఉన్నట్టా, లేనట్టా?"

గురుస్వామి ఎల్లాజీని చూశారు. ఎల్లాజీ గోడకి ఆనుకుని, పంచె కిందనుంచి కాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాడు. ఆయన పీఠం ముందున్న దీపం వైపు చూశారు. దీక్ష మొదలైన రోజు వెలిగించిన అఖండదీపం అది. మండలం పూర్తయ్యేదాకా ఆరకూడదు. దాన్ని చూసుకునే పని శేషగిరిదే.

"వత్తి మాడింది స్వామీ" అన్నారు. "మార్చండి."

శేషగిరి కూర్చున్నాడు. కొత్త వత్తి నూనెలో తడిపాడు. చిన్న ప్రమిద తెచ్చి, అఖండం మంటతో దాన్ని వెలిగించి పక్కన పెట్టాడు. పాత వత్తి తియ్యడానికి చెయ్యి చాపాడు.

"ఆ చిన్న ప్రమిద ఎందుకు?" అన్నారు గురుస్వామి. "అది మనం ప్రతిష్ఠించిన దీపం కాదు కదా. ఆర్పెయ్యండి."

"అదేంటి స్వామీ! పాత వత్తి తియ్యగానే అఖండం కొండెక్కిపోదూ? ఇది వెలుగుతూ ఉంటేనే కదా, దీంతో కొత్త వత్తి అంటించేది?"

"అంటించాక వెంటనే తీసేస్తారా?"

"తియ్యం స్వామీ. కొత్త వత్తి నూనె పీల్చుకుని నిలదొక్కుకోవాలి. గాలి ఉన్నరోజు ఇంకా ఎక్కువసేపు ఉంచుతాం. తొందరపడితే..."

శేషగిరి తల తిప్పి ఎల్లాజీవైపు చూశాడు. గురుస్వామి ఆ మాట పూర్తిచెయ్యమని అడగలేదు. వత్తి మార్చడం అయ్యేదాకా నిలబడి, కండువా భుజాన వేసుకుని, "పదండి" అన్నారు. ఎల్లాజీకి ఒక పక్క ఆయన, ఇంకో పక్క శేషగిరి. వెనక దేవుడమ్మ.

కేంద్రంలో డాక్టరు రెహానా ఎల్లాజీ కనుపాపలు చూశారు, నాడి చూశారు. మళ్ళీ పొడి తీసుకున్నారా అని అడిగారు.

"లేదు మేడం. గోడదాకా వెళ్ళాను."

"గోడదాకానే వెళ్ళారు కాబట్టి నడిచి వచ్చారు. ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న ఒంట్లో పాత మోతాదు పడి ఉంటే మిమ్మల్ని మోసుకొచ్చేవాళ్ళు. పోయినసారిలాగా సమయానికి తెస్తారని ఏమిటి నమ్మకం? ఎందుకు మానేశారు?"

ఎల్లాజీ జరిగింది చెప్పాడు. శేషగిరి తన ఉత్త పాదాలవైపు చూస్తూ ఉన్నాడు.

"మాల మెడలో ఉంటుంది, మందు నాలుక కింద ఉంటుంది. రెండింటికీ తగువేమిటి?" అన్నారు డాక్టరు.

"ఎన్నాళ్ళు వెయ్యాలండీ ఇది?" అని అడిగాడు శేషగిరి, కోర్టులో ఎప్పుడూ వాడని గొంతుతో.

"నెలలు కావచ్చు, ఏళ్ళు కావచ్చు. కొందరికి ఎప్పటికీ కావచ్చు. తగ్గించే రోజు వస్తే మేమే కొంచెం కొంచెంగా తగ్గిస్తాం. ఓట్లు పెట్టి తగ్గించం."

తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. నర్సు మాత్ర ఇచ్చింది. ఎల్లాజీ నాలుక కింద పెట్టుకుని, నోరు మూసుకుని, వరండాలో అదే బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా శేషగిరి. క్షమించమని అడగాలనుకున్నాడు. స్వాములు ఎదురుపడితే ముందుగా వచ్చే మాట ఒకటే కనుక, చేతులు జోడించి అదే అన్నాడు: "స్వామి శరణం."

ఎల్లాజీ చేతులు జోడించాడు. పెదాలు విప్పలేదు. శేషగిరి అలవాటుకొద్దీ బదులుకోసం ముందుకు వంగాడు. గురుస్వామి అతని మోకాలి మీద చెయ్యి వేశారు.

"చెబుతున్నాడు స్వామీ. కరిగేదాకా వినండి."

మరునాటినుంచి కొండకి బయల్దేరేదాకా శేషగిరే పొద్దున్నే ఎల్లాజీతో కేంద్రానికి నడిచాడు. ప్రయాణానికి డాక్టరు మాత్రలు కట్టి ఇస్తే, వాటిని భద్రంగా దాచి, వేళకి అందించినవాడూ అతనే. గురుస్వామి ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను ఎత్తుతున్నాను. మీ పేటలోనూ ఒకడున్నాడు. అతని పేరు మీకు తెలుసు, మీరు పిలిచే పేరు కూడా తెలుసు. రేపు పొద్దున్న అతన్ని అసలు పేరుతో పిలిచి, ఆస్పత్రిదాకా తోడు నడిచి, మాత్ర కరిగేదాకా పక్కన కూర్చునేదెవరు? ఇందాక చెయ్యెత్తమంటే ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తండి.