మేస్త్రి వేలు

కందుకూరులో మస్తాన్ మేస్త్రి షెడ్డులో మాల్యాద్రి తొమ్మిదేళ్ళుగా కార్లు బాగుచేస్తున్నాడు. ఇప్పుడు సింగరాయకొండలో సొంత షెడ్డు పెట్టుకోవాలని వాడి ఆశ. బోర్డు మీద ఏ పేరు రాయించాలో పెళ్ళాం అప్పుడే ఖాయం చేసేసింది. అయినా మేస్త్రి సరే అనందే కదిలే రకం కాదు వాడు. మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మేస్త్రి "చూద్దాంలేరా" అని ఊరుకున్నాడు.

"నేనింకా పనికిరానా మేస్త్రీ?" ఆ పొద్దున నాలుగోసారి అడిగాడు.

మేస్త్రి అప్పుడే వచ్చిన కారు చూపించాడు. అది బడిపంతులు సుబ్బారాయుడుగారిది. ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించినా మీటరు ముల్లు అడుగునే పడుకొని ఉంది.

మాల్యాద్రికి అదొక లెక్కా! వెనకసీటు ఎత్తి, మూత విప్పి, ట్యాంకులోంచి ఫ్లోటును కడ్డీతో సహా బయటికి తీశాడు. పెట్రోలు మీద తేలుతూ అది ఎంతుందో ముల్లుకు చెప్పేది ఆ ఫ్లోటే. వైరు తగిలించి, వేలితో దాన్ని మెల్లగా పైకెత్తాడు.

"సగం... ముప్పాతిక... ఫుల్లు" అన్నారు ముందుసీట్లోంచి పంతులుగారు.

"ఫ్లోటు బ్రహ్మాండంగా ఉంది. మీటరూ బాగానే ఉంది. ముందు ఎక్కడో వైరు లూజు" అని తేల్చేశాడు మాల్యాద్రి. ఫ్లోటును మళ్ళీ బిగించి, డ్యాష్‌బోర్డు ఊడదీసి, మధ్యాహ్నం దాకా వైర్లతో కుస్తీపట్టాడు. ముల్లు ఉలకలేదు, పలకలేదు.

వాడు ఎక్కడ చిక్కుపడినా భుజం మీదుగా మేస్త్రి వేలొకటి వచ్చి "అదుగో, అక్కడ" అని చూపించేది. తొమ్మిదేళ్ళ అలవాటు. వెనక్కి చూశాడు.

వేలు రాలేదు. మేస్త్రి బేసిన్లో కాస్త పెట్రోలు పోసి తెచ్చాడు.

"ఫ్లోటు మళ్ళీ విప్పి, ఇందులో వెయ్యి."

ఫ్లోటు బుడుంగున మునిగింది. తీసి చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు గలగలమంది. ఎక్కడో సన్నటి చిల్లు.

"నీ వేలు ఎత్తితే లేచిందిరా. పెట్రోలు ఎత్తితే లేవాలి గదా" అన్నాడు మేస్త్రి.

మాల్యాద్రికి ఏడుపొచ్చినంత పనయింది. ఇక సింగరాయకొండ మాట ఎత్తే మొహం లేదనుకున్నాడు. కొత్త ఫ్లోటు వేసి బిగించాడు. ముల్లు సగం దాకా లేచి ఆగిపోయింది.

మళ్ళీ వెనక్కి చూశాడు. మేస్త్రి అక్కడే ఉన్నాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకొని. చెప్పాలని ఎంత తహతహలాడుతున్నాడో ఆ మొహం చూస్తేనే తెలిసిపోతోంది. వేలు మాత్రం ముందుకు రాలేదు.

మాల్యాద్రి ముందుకు తిరిగాడు. కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కనపడింది, మూత మీది బాణం గుర్తు పక్కకు తిరిగి ఉండటం. లోపల కడ్డీ ట్యాంకు గోడకు తగులుతోందన్నమాట. విప్పి, బాణాన్ని ట్యాంకు మీది గీతకు ఎదురుగా కూర్చోబెట్టి, బిగించాడు.

"ఫుల్లు" అన్నారు పంతులుగారు.

మాల్యాద్రి ఈసారి వెనక్కి చూడలేదు. స్క్రూలన్నీ ఇంకోసారి సరిచూసుకొని సీటు దించాడు.

"సింగరాయకొండలో ముహూర్తం ఎప్పుడురా?" అన్నాడు వెనకనుంచి మేస్త్రి.